బెట్టకు ఆగే వేరుమూలం మీద ఎన్‌సీఈడీ ఎందుకు తక్కువ పెరిగింది?

ప్రశ్న: నిమ్మజాతి మొక్కల మీద పరిశోధన చేస్తున్నాను. రంగపూర్ లైమ్, స్వింగిల్ సిట్రుమెలో వేరుమూలాల మీద అంటుకట్టిన బత్తాయి మొక్కల్ని 5 లీటర్ల కుండీల్లో పెంచి, 10 రోజులు నీళ్లు ఆపాను. పదో రోజు ఆకులు తీసి క్యూపీసీఆర్ (జన్యువు ఎంత పలికిందో, అంటే దాని ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో కొలిచే పరీక్ష) చేస్తే, బెట్ట హార్మోన్ ఏబీఏ తయారీకి కీలకమైన ఎన్‌సీఈడీ1 జన్యువు స్వింగిల్ మీది మొక్కల్లో 22 రెట్లు, రంగపూర్ మీది మొక్కల్లో 3 రెట్లే పెరిగింది. ఎండినప్పుడు కణాల్ని కాపాడే డీహైడ్రిన్ ప్రోటీన్ జన్యువు కూడా అదే వరస. బెట్టకు ఆగేది రంగపూర్ అని అందరూ అంటారు కదా, మరి ఇలా తిరగబడిందేం? పోలికకు స్థిరంగా ఉండాల్సిన ప్రామాణిక జన్యువుగా యాక్టిన్ ఒక్కటే వాడాను. ఆ రోజు ఆకుల్లో సాపేక్ష నీటి శాతం (నిండుగా నీరు పట్టిన ఆకుతో పోలిస్తే ఉన్న నీరు) స్వింగిల్ మీద 68, రంగపూర్ మీద 84. ఇంకో సంగతి: బెట్టలో రాలని ఆకులు తిరిగి నీళ్లు పెట్టాక రాలిపోయాయి, అదీ ఎక్కువగా స్వింగిల్ మీదివే. మళ్లీ ప్రయోగం పెట్టాలంటే ఏ జన్యువులు చూడాలి, ఎలా చూడాలి?

సమాధానం: మీ కొలత తిరగబడలేదు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది: ఆ 68, 84. పదో రోజు అనేది క్యాలెండర్‌లో రెండు వరసలకూ ఒకటే గానీ మొక్కకు కాదు. 84 శాతం దగ్గరున్న ఆకుకు దాహం ఇప్పుడే మొదలైంది. 68 దగ్గరున్నది వాడి వేలాడుతున్న ఆకు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎన్‌సీఈడీ1 కొలిస్తే తేలేది ఏ ఆకు ఎంత ఎండిందన్న సంగతే, వేరుమూలాల తేడా కాదు. ఎన్‌సీఈడీ, డీహైడ్రిన్ లాంటి జన్యువులు ఎన్ని రెట్లు పెరిగాయన్నది ఆ కణాల మీద పడిన ఒత్తిడి మోతాదును చెబుతుంది. మొక్కకున్న ఓర్పును చెప్పదు. అందుకే బెట్టకు తాళలేని మొక్కలోనే ఈ అంకెలు పెద్దగా కనిపించడం మామూలు. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేసినా ఇదే చిక్కు: ఎక్కువ ఎండిన మొక్కలో ఎక్కువ జన్యువులు మారతాయి, ఆ జాబితా పొడుగు చూసి దానికి ‘స్పందన ఎక్కువ’ అని రాసేస్తారు.

ఎన్‌సీఈడీ1 ఎందుకు అంత నమ్మకంగా ఎండును అనుసరిస్తుందో చూస్తే మిగతాది తేలికవుతుంది. ఆకు కణంలో నీటి బిగువు పడిపోగానే ఈ జన్యువు పలకడం మొదలవుతుంది. దీని ఎంజైమ్ కెరోటినాయిడ్లను, అంటే 9-సిస్ రూపంలో ఉన్న వయోలాక్సాంథిన్, నియోక్సాంథిన్‌లను, కోసి జాంథాక్సిన్ చేస్తుంది. అది మరో రెండు మెట్లు దాటి అబ్సిసిక్ ఆమ్లం, అంటే ఏబీఏ, అవుతుంది. ఈ దారిలో వేగాన్ని నిర్ణయించేది ఎన్‌సీఈడీ మెట్టే. బత్తాయిలో ఈ కుటుంబపు జన్యువులు రెండింటిని 2006లో వర్ణించారు. ఆకు ఎండినప్పుడు లేచేది వాటిలో ఎన్‌సీఈడీ1. రెండోదాని కథ ఎక్కువగా పండు తొక్కకు సంబంధించింది. కాబట్టి మీరు ఎంచుకున్న జన్యువు సరైనదే.

తయారైన ఏబీఏ, పీవైఎల్ అనే గ్రాహక ప్రోటీన్లో కూర్చుంటుంది. అలా కూర్చున్న గ్రాహకం పీపీ2సీ అనే ఫాస్ఫటేజ్‌ను (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్) పట్టేస్తుంది. మామూలు రోజుల్లో స్నార్క్2 కైనేజ్‌ను (ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్) అణచి ఉంచేది ఈ పీపీ2సీయే. అది కదలలేని స్థితికి రాగానే స్నార్క్2 విడుదలై రెండు చోట్ల పని చేస్తుంది. పత్రరంధ్రపు రక్షక కణాల్లో స్లాక్1 అనే అయాను మార్గాన్ని తెరిపిస్తుంది. ఋణ అయాన్లు, వాటి వెంట పొటాషియం, ఆ వెనకే నీరు బయటికి పోయి రంధ్రం మూసుకుంటుంది. ఇక కేంద్రకంలో ఏబీఎఫ్ తరగతి ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అవి ‘ఏసీజీటీ’ అనే అక్షరాలు నడుమ ఉన్న ప్రమోటర్ (జన్యువు ముందుండే మీట) భాగాల మీద కూర్చుని డీహైడ్రిన్లు, ఎల్‌ఈఏ ప్రోటీన్ల జన్యువుల్ని పలికిస్తాయి. డ్రెబ్2 ప్రోటీన్లు నడిపే దారి వేరు. దానికి ఏబీఏ కోసం ఆగాల్సిన పని లేదు.

ఇక్కడ చాలామంది బోల్తా పడే మెలిక ఒకటుంది. బెట్టలో పీపీ2సీ జన్యువుల ఆర్‌ఎన్‌ఏ పెరుగుతుంది, పీవైఎల్ గ్రాహకాలది తగ్గుతుంది. బత్తాయి ఆకుల్ని ఎండబెట్టి చేసిన పనిలోనూ ఇదే కనిపించింది, 2012లో వెలువడింది. ‘ఏబీఏను అణచేది పెరిగి, అందుకునేది తగ్గిందంటే మొక్క స్పందన చచ్చిపోయిందన్నమాట’ అని రాస్తే తప్పు. ఏబీఏ సంకేతం గట్టిగా అందింది కాబట్టే, ఏబీఎఫ్‌లే పీపీ2సీని పలికించి, రేపు నీళ్లొస్తే సంకేతాన్ని ఆపడానికి బ్రేకు సిద్ధం చేస్తున్నాయి. అందువల్ల పీపీ2సీ ఆర్‌ఎన్‌ఏను ఏబీఏ సంకేతం అందిందనడానికి గుర్తుగా వాడుకోవచ్చు. అలాగే స్నార్క్2 ఆర్‌ఎన్‌ఏ మారలేదని నిరాశపడొద్దు. దాని పని ఫాస్ఫేట్ తగలడం మీద నడుస్తుంది, ఆర్‌ఎన్‌ఏ కొలిచి దాన్ని పట్టుకోలేం.

మరి వేరుమూలం ఓర్పు ఎక్కడుంటుంది? మీ మొక్కల్లో ఆకు రెండు వరసల్లోనూ బత్తాయిదే, జన్యురూపం ఒకటే. కాబట్టి ఆకులో కనిపించే ఏ తేడా అయినా కింది నుంచి వచ్చిన నీటి వల్లో, సంకేతం వల్లో వచ్చిందే. మీరు వేర్లను ముట్టుకోలేదు, అసలు లోటు అదే. వేరులో మూడు విషయాలు చూడాలి.

మొదటిది, బెట్ట రాకముందు ఉన్న స్థాయి. రంగపూర్ లైమ్ చతుస్థితిక (మామూలు రెండుకు బదులు నాలుగు క్రోమోజోమ్ సముదాయాలున్న) వేరుమూలం మీద 2013లో వచ్చిన పని ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. మామూలు ద్విస్థితిక రంగపూర్‌తో పోలిస్తే చతుస్థితిక రంగపూర్ వేర్లలో నీళ్లు పుష్కలంగా ఉన్నప్పుడే ఏబీఏ ఎక్కువ. పైనున్న బత్తాయి ముందునుంచే పొదుపుగా నీరు వాడింది, బెట్టలో ఎక్కువ కాలం నిలబడింది. ఇలాంటి మొక్కలో ‘ఎన్ని రెట్లు పెరిగింది’ అని లెక్కిస్తే అంకె చిన్నదే వస్తుంది, ఎందుకంటే భాగించే కింది అంకె పెద్దది. మీ 3 రెట్లలో ఇది కొంత ఉందో లేదో తెలియాలంటే నీళ్లు పెట్టిన రెండు వరసల్ని ఒకదానితో ఒకటి పోల్చండి. మీ దగ్గరున్న సీటీ విలువలతోనే (క్యూపీసీఆర్‌లో సంకేతం ఎన్నో చక్రంలో కనిపించిందో చెప్పే అంకె; జన్యువు ఎక్కువ పలికితే అది చిన్నది) ఈ రోజే చేయొచ్చు, కొత్త ప్రయోగం అక్కర్లేదు.

రెండోది, ఆక్వాపోరిన్లు. కణపొరలో నీటికి దారి ఇచ్చే పీఐపీ1, పీఐపీ2 జన్యువులు బెట్టలో పెరిగితే మంచిదా, తగ్గితే మంచిదా అన్నది అందరికీ ఉండే సందేహం. క్లియోపాత్ర కమలా, ట్రైఫోలియేట్ ఆరెంజ్, ఆ రెంటి సంకరం ఒకటి తీసుకుని 2011లో వెలువరించిన పనిలో ఓర్పు కనిపించింది వేర్లలో పీఐపీలను తగ్గించుకున్న మొక్కలో. మట్టి వేరుకంటే పొడిగా మారుతున్నప్పుడు తలుపులు తెరిచి ఉంచడం లాభం కాదన్నమాట. అయితే ఆక్వాపోరిన్ల పని ఆర్‌ఎన్‌ఏతో పాటు ఫాస్ఫేట్ తగలడం మీదా, పొరలోకి చేరడం మీదా ఆధారపడుతుంది. పీఐపీ ఆర్‌ఎన్‌ఏ తగ్గిందని రాసేటప్పుడు వేరు నీటి వాహకతను కూడా కొలిచి పక్కన పెట్టకపోతే ఆ వాక్యానికి బలం లేదు.

మూడోది, వేరులో కనిపించే ఏబీఏ ఎక్కడిది అన్నది. వేర్లలో కెరోటినాయిడ్లు చాలా తక్కువ, అంటే ముడిసరుకే తక్కువ. కరిజో సిట్రేంజ్ అనే వేరుమూలపు మొక్కల కాండానికి వలయంగా బెరడు తీసి, పైనుంచి కిందికి వచ్చే ప్రవాహాన్ని ఆపితే బెట్టలో వేరులో ఏబీఏ పోగుపడటం తగ్గింది, రెండోసారి బెట్ట పెట్టినప్పుడు మరీ తగ్గింది. ఇది 2015 నాటి పని. అంటే బెట్ట సాగేకొద్దీ వేరు ఏబీఏలో పెద్ద భాగం ఆకుల నుంచి వస్తున్నదే. వేరులో ఎన్‌సీఈడీ1 కొంచెమే లేచి ఏబీఏ మాత్రం బాగా పెరిగితే కొలతలో తప్పు వెతక్కండి. జన్యువుతోపాటు ఏబీఏను కూడా ద్రవ క్రోమటోగ్రఫీ-మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిపించండి. దాన్ని విరగ్గొట్టే సీవైపీ707ఏ జన్యువునూ జతచేయండి. ఎంత తయారవుతోంది, ఎంత విరిగిపోతోంది అన్నవి రెండూ తెలిస్తేనే ఉన్న ఏబీఏకు అర్థం చెప్పగలం.

కుండీ గురించి ఒక హెచ్చరిక. తోటలో రంగపూర్‌కు ఉన్న పేరులో కొంత భాగం దాని వేరు లోతుకూ విస్తారానికీ చెందుతుంది. 5 లీటర్ల కుండీలో ఆ లోతు లేదు. పైగా గుబురుగా పెరిగే మొక్క కుండీని ముందుగా ఖాళీ చేస్తుంది. మీ స్వింగిల్ మొక్కలు ముందు ఎండింది ఆకు విస్తీర్ణం ఎక్కువై కావచ్చు, రంధ్రాలు ఆలస్యంగా మూసుకుని కావచ్చు, వేరు సరిగా నీరు లాగలేక కావచ్చు. కుండీ బరువులు, ఆకు విస్తీర్ణం లేకుండా ఈ మూడింట్లో ఏదో తేల్చలేం.

అందుకని మళ్లీ పెట్టే ప్రయోగంలో రోజుల్ని మరిచిపోయి నీటి స్థితిని పట్టుకోండి. కుండీని సాయంత్రం నిండా తడిపి, రాత్రంతా నీరు కారనిచ్చి, పొద్దున తూచండి. కుండీ పైభాగాన్ని ప్లాస్టిక్ షీట్‌తో కప్పండి, నీరు ఆకుల గుండా తప్ప మట్టి నుంచి ఆవిరి కాకూడదు. మొక్క రోజూ తాగే నీరు, నీళ్లు పెట్టిన మొక్క తాగేదానిలో 10 శాతానికి పడిపోయిన రోజు కుండీ బరువును అడుగు హద్దుగా తీసుకోండి. దీనికోసం ఒక్కో వరసలో రెండు మూడు మొక్కల్ని ముందుగా బలిపెట్టాలి. ఉదాహరణకు నిండు కుండీ 6.2 కిలోలు, అడుగు హద్దు 4.7 కిలోలు అయితే మొక్కకు అందే నీరు 1.5 కిలోలు. ఇవాళ కుండీ 5.3 కిలోలుంటే మిగిలింది 0.6, అంటే 0.4 వంతు. రెండు వరసల్నీ 0.6, 0.4, 0.2 వంతుల దగ్గర పోల్చితే అది పోలిక. త్వరగా తాగే మొక్కకు సాయంత్రం కొంత నీరు తిరిగి పోసి రోజుకు 100 గ్రాములకు మించి బరువు తగ్గకుండా చూడండి, రెండు వరసలూ ఒకే వేగంతో ఎండుతాయి. నెమ్మదిగా ఎండటం ముఖ్యం. మూడు రోజుల్లో ఎండిపోయిన మొక్కకు ప్రోలిన్, చక్కెరలు పోగుచేసుకుని కణాన్ని సర్దుకునే వ్యవధి ఉండదు, అప్పుడు మీరు చూసేది గాభరా స్పందన ఒక్కటే.

కుండీ బరువుతో పాటు మొక్కలో నీటి పీడనం కూడా కావాలి. కొలవబోయే ఆకును కనీసం గంట ముందు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన అల్యూమినియం రేకు చుట్టండి. అప్పుడు ఆకు పీడనం కాండం పీడనంతో సమానమవుతుంది. ప్రెషర్ ఛాంబర్‌లో మధ్యాహ్నం కొలిస్తే నీళ్లు పెట్టిన మొక్క సుమారు మైనస్ 0.8 నుంచి మైనస్ 1.0 మెగాపాస్కల్ చూపిస్తుంది. మైనస్ 1.5 దగ్గర ఓ మోస్తరు బెట్ట, మైనస్ 2.0 దాటితే తీవ్రం. తొడిమకు రెక్కలుంటే బ్లేడుతో గీరి తీసేయండి, లేకపోతే రబ్బరు బిరడా దగ్గర గాలి కారి తప్పు అంకె వస్తుంది. పత్రరంధ్రాలు ఆకు అడుగున ఉంటాయి కాబట్టి రంధ్రాలు ఎంత తెరిచాయో కొలిచే పోరోమీటర్‌ను అడుగువైపు పెట్టాలి. అది ఉదయం 9, 10 గంటల మధ్యే చేయండి. గాలి పొడిగా ఉంటే నిమ్మజాతి మొక్క నీళ్లున్నా మధ్యాహ్నం రంధ్రాలు మూస్తుంది, దాన్ని బెట్ట అనుకునే ప్రమాదం ఉంది.

సాపేక్ష నీటి శాతం సూత్రం మీకు తెలిసిందే: తాజా బరువు నుంచి ఎండు బరువు తీసి, దాన్ని నిండు బరువు, ఎండు బరువుల తేడాతో భాగించి 100తో గుణించడం. తాజా 0.52, నిండు 0.60, ఎండు 0.22 గ్రాములైతే 0.30ని 0.38తో భాగించగా 79 శాతం. తప్పు జరిగేది నిండు బరువు దగ్గర. ఈ ఆకు మందం, పైన మైనం పూత ఉంటుంది; పూర్తి ఆకును నానబెడితే చాలాసేపటికి గానీ నిండదు. ముక్కలుగా కోసి మరీ ఎక్కువసేపు నానబెడితే కణాల మధ్య ఖాళీల్లోకి నీరు చేరి నిండు బరువు దొంగగా పెరుగుతుంది. ముక్కల్ని చీకట్లో 4 నుంచి 6 గంటలు ఉంచి, రెండు వడపోత కాగితాల మధ్య ఒకే ఒత్తిడితో అద్ది తూచడం ఒక పద్ధతిగా పెట్టుకోండి.

మొక్కల ఎంపిక గురించి కూడా చెప్పాలి. ఈ వేరుమూలాల విత్తనంలో తల్లి కణజాలం నుంచి వచ్చే పిండాలు ఎక్కువ, అందుకే నారు దాదాపు ఒకే రకంగా ఉంటుంది. దాదాపు అంతే, పూర్తిగా కాదు. కొన్ని సంకర మొక్కలు తప్పించుకుని వస్తాయి. అప్పుడప్పుడు తమంత తామే చతుస్థితికమైన మొక్కలూ వస్తాయి: ఆకు మందంగా, గుండ్రంగా, ముదురు పచ్చగా ఉంటుంది. పైన చెప్పిన 2013 ఫలితం చూశాక, ఒక్క చతుస్థితిక రంగపూర్ మీ మొక్కల్లో కలిస్తే ఏమవుతుందో ఊహించండి. అంటుకట్టే ముందే ఫ్లో సైటోమెట్రీతో స్థితికత (క్రోమోజోమ్ సముదాయాల సంఖ్య) చూసి చతుస్థితికాల్నీ, ఎస్‌ఎస్‌ఆర్ అనే డీఎన్‌ఏ మార్కర్లతో సంకరాల్నీ ఏరేయండి. ఇంకోటి, ఒకసారి బెట్టకు గురైన మొక్కల్ని కోలుకున్నాయి కదా అని మళ్లీ వాడొద్దు. మళ్లీ మళ్లీ బెట్ట పెట్టిన నిమ్మజాతి మొక్కల్లో డీఎన్‌ఏ మిథైలేషన్, హార్మోన్ల స్థాయిలు మారినట్టు 2017లో చూపించారు. అలాంటి మొక్క స్పందన తొలిసారి బెట్ట చూసిన మొక్క స్పందన కాదు. వాటిని విడిగా ఒక ప్రయోగంగా పెట్టొచ్చు గానీ ఇందులో కలపకూడదు.

పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) ద్రావణంలో వేర్లు ముంచడం, తెంపిన ఆకును బల్ల మీద ఎండబెట్టడం లాంటి అడ్డదారులు ఈ ప్రశ్నకు పనికిరావు. తెంపిన ఆకులో వేరు మాట అసలే ఉండదు. పెగ్ చిక్కటి ద్రావణం కాబట్టి వేరుకు ఆక్సిజన్ అందక ఆ స్పందన కూడా కలిసిపోతుంది.

నమూనా తీయడం దగ్గర నిమిషాలు లెక్కలోకి వస్తాయి. తెంపడమే ఆకుకు బెట్ట, ఎన్‌సీఈడీ నిమిషాల్లో కదులుతుంది. అందుకని మొక్క దగ్గరే ద్రవ నత్రజని ఉండాలి. తెంపిన ఆకు నడి ఈనె తీసేసి 15, 20 సెకన్లలో అందులో పడాలి. ఒకే చిగురు విడతలో పూర్తిగా విచ్చిన మూడో, నాలుగో ఆకునే తీయండి. లేత ఆకూ ముదురు ఆకూ వేర్వేరుగా స్పందిస్తాయి. వేర్లయితే కుండీ బోర్లించి, తెల్ల కొనలున్న పీచు వేర్లను నీటిలో ఒక్కసారి జాడించి, అద్ది, నిమిషంలోపు గడ్డకట్టించండి. ఎన్‌సీఈడీ, ఆక్వాపోరిన్లు పొద్దుగడిచేకొద్దీ తమంత తామే పెరిగి తగ్గుతాయి కాబట్టి మొత్తం పని గంటన్నరలో ముగించాలి. రంగపూర్ వరస మొత్తం అయ్యాక స్వింగిల్ వరస తీయడం పెద్ద తప్పు, తొమ్మిదింటికీ పదిన్నరకూ ఉన్న తేడా వేరుమూలం తేడాగా కనిపిస్తుంది. చీటీలు వేసి కలగలిపి తీయండి.

నిమ్మజాతి ఆకులో పాలీఫినాల్స్, జిగురు చక్కెరలు, నూనెలు దండిగా ఉంటాయి. బెట్టలో ఫినాల్స్ ఇంకా పెరుగుతాయి కాబట్టి మామూలు కిట్‌తో తీస్తే ఎండిన ఆకు ఆర్‌ఎన్‌ఏయే ఎక్కువ పాడవుతుంది, అంటే తప్పు ఒకే పక్షాన పడుతుంది. సీటాబ్ అనే డిటర్జెంట్‌తో ఆర్‌ఎన్‌ఏ తీసే పద్ధతి నమ్మదగ్గది. 100 మిల్లీలీటర్ల బఫర్‌కు సీటాబ్ 2 గ్రాములు, పీవీపీ 2 గ్రాములు, సోడియం క్లోరైడ్ 11.7 గ్రాములు, పీహెచ్ 8 ఉన్న 1 మోలార్ ట్రిస్ 10 మిల్లీలీటర్లు, 0.5 మోలార్ ఈడీటీఏ 5 మిల్లీలీటర్లు. వాడే ముందు మిల్లీలీటర్‌కు 20 మైక్రోలీటర్ల బీటా-మెర్కాప్టోఇథనాల్ కలపాలి, ఫ్యూమ్ హుడ్‌లోనే. 100 మిల్లీగ్రాముల పొడిని 65 డిగ్రీల వేడి బఫర్ 900 మైక్రోలీటర్లలోకి నేరుగా వేయండి. పొడి కరిగి తడైతే ఆ క్షణంలోనే గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ నమూనా మీద ఆశ వదులుకోవడమే. 10 నిమిషాల తర్వాత సమాన పరిమాణం క్లోరోఫాం-ఐసోఅమైల్ ఆల్కహాల్, 24:1, రెండుసార్లు. పై పొర తీసుకునేటప్పుడు మధ్య తెల్లటి తెరను తాకకుండా కొంత వదిలేయండి. దానికి నాలుగో వంతు 10 మోలార్ లిథియం క్లోరైడ్ కలిపి రాత్రంతా 4 డిగ్రీల వద్ద ఉంచి, మర్నాడు సెంట్రిఫ్యూజ్ చేసి, 70 శాతం ఇథనాల్‌తో రెండుసార్లు కడగండి. లిథియం మిగిలితే సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏ నుంచి చేసే డీఎన్‌ఏ ప్రతి) తయారీ కుంటుపడుతుంది. లిథియంతో చిన్న ఆర్‌ఎన్‌ఏలు సరిగా దిగవు, మైక్రోఆర్‌ఎన్‌ఏలు కూడా చూడాలనుకుంటే ఇథనాల్‌తోనే దించాలి.

ఆర్‌ఎన్‌ఏ శుద్ధతను చూపే కాంతి శోషణ నిష్పత్తుల్లో 260/280 నిష్పత్తి 1.9 నుంచి 2.1 మధ్య బాగుండొచ్చు గానీ అసలు గుట్టు చెప్పేది 260/230. అది 1.5 కంటే తక్కువైతే చక్కెరలో, ఫినాల్సో మిగిలాయి. మిగిలిన డీఎన్‌ఏను తొలగించే డీఎన్‌ఏస్ వేయండి, అది పూర్తిగా పోయిందో లేదో తెలియడానికి రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని గొట్టం ఒకటి నడపండి.

క్యూపీసీఆర్‌లో మీ అసలు బలహీనత యాక్టిన్. మీ 22 రెట్లు ఉదాహరణకు ఇలా వచ్చి ఉండొచ్చు: ఎండిన ఆకులో ఎన్‌సీఈడీ1 సీటీ 22.4, యాక్టిన్ 19.9, తేడా 2.5, తడి ఆకులో 27.1, 20.1, తేడా 7.0, రెండు తేడాల మధ్య 4.5 చక్రాలు, 2ను 4.5 ఘాతానికి ఎత్తితే దాదాపు 22.6. ఇప్పుడు ఎండిన ఆకులో యాక్టిన్ నిజంగానే సగానికి పడిపోయిందనుకోండి. దాని సీటీ ఒకటి పెరుగుతుంది, మీరు కొలిచిన ప్రతి జన్యువూ రెట్టింపుగా కనిపిస్తుంది, 11 రెట్లు 22 అవుతుంది. వాడిపోతూ ఎదుగుదల ఆగిన ఆకులో కణ అస్థిపంజరపు జన్యువు స్థిరంగా ఉంటుందని ముందే నమ్మడానికి ఆధారం లేదు. నిమ్మజాతిలో పరీక్షించి చూసిన శాండ్, యూపీఎల్7, ఎఫ్‌బాక్స్, గ్యాప్‌సీ2 జన్యువులు నాలుగింటినీ మీ నమూనాల మీద నడిపి, జీనార్మ్ లాంటి లెక్కతో స్థిరమైన రెండింటిని ఎంచుకుని వాటి జ్యామితీయ సగటుతో భాగించండి. ఆకుకు కుదిరిన జంట వేరుకు కుదరకపోవచ్చు, విడిగా చూడాలి.

వేర్లకు వెళ్లినప్పుడు ప్రైమర్ల (కొలవాల్సిన జన్యువుకు అతుక్కునే చిన్న డీఎన్‌ఏ ముక్కల) సమస్య వస్తుంది, ఆకుల్లో మీకు రాలేదు. స్వింగిల్ అంటే గ్రేప్‌ఫ్రూట్, ట్రైఫోలియేట్ ఆరెంజ్‌ల సంకరం. బత్తాయి జన్యుక్రమం చూసి గీసిన ప్రైమర్ 3' కొన దగ్గర ట్రైఫోలియేట్ వైపు ప్రతిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆ ప్రతి కొలతలోకి సరిగా రాకపోవచ్చు, అప్పుడు జన్యువు సగం పలికినట్టు కనిపిస్తుంది. రెండు వేరుమూలాల సీడీఎన్‌ఏతోనూ విడివిడిగా పలుచన వరస వేసి సామర్థ్యం 90 నుంచి 110 శాతం మధ్య ఉందో లేదో చూడండి. రెండింటిలో తేడా ఉంటే ఆ ప్రైమర్ పారేసి రెండింటికీ ఉమ్మడిగా ఉన్న ముక్క మీద కొత్తది గీయండి.

ఒక్కో వేరుమూలానికి, ఒక్కో నీటి స్థితికి కనీసం ఆరు మొక్కలు ఉండాలి. ఒక మొక్క నుంచి పీసీఆర్ ప్లేట్‌లో నింపిన మూడు బావులు మూడు నమూనాలు కావు. గణాంక పరీక్షను ‘రెట్ల’ మీద కాకుండా సీటీ తేడాల మీద చేయండి. రెట్లు ఒకవైపుకు సాగిపోయే అంకెలు, వాటి సగటు ఒక్క పెద్ద విలువతో చెదిరిపోతుంది. చివరికి బొమ్మ గీసేటప్పుడు అడ్డగీత మీద రోజుల బదులు కాండపు నీటి పీడనం, నిలువు గీత మీద ఎన్‌సీఈడీ1 సీటీ తేడాను మైనస్ గుర్తుతో పెట్టండి (జన్యువు ఎక్కువ పలికితే తేడా తగ్గుతుంది కాబట్టి). రెండు వేరుమూలాల చుక్కలూ ఒకే గీత మీద పడితే తేడా అంతా ఎండులోనే ఉంది. రంగపూర్ గీత ముందే, అంటే తక్కువ బెట్టకే, పైకి లేస్తే అప్పుడు అది వేరుమూలం మాట. జన్యువుల పట్టిక పెద్దది అక్కర్లేదు: ఆకులో ఎన్‌సీఈడీ1, సీవైపీ707ఏ, ఒక పీపీ2సీ, ఒక డీహైడ్రిన్, వేరులో ఎన్‌సీఈడీ1, పీఐపీ1, పీఐపీ2, కింద చెప్పబోయే ఏసీసీ సింథేజ్.

ఇక ఆకులు రాలడం. నీళ్లు పెట్టాకే రాలడం నిమ్మజాతిలో బాగా తెలిసిన లక్షణం, మీరు నీళ్లు ఎక్కువ పోయడం వల్ల కాదు. క్లియోపాత్ర కమలా నారు మీద 1992లో దీన్ని విప్పి చూపారు. బెట్టలో వేరు ఏసీసీ అనే పదార్థాన్ని కూడబెడుతుంది, ఇథిలీన్‌కు ముందు మెట్టు అది. నీటి ప్రవాహం ఆగిపోయినందువల్ల అది పైకి వెళ్లలేదు. నీళ్లు పెట్టగానే ప్రవాహంతో పాటు ఆకులకు చేరి, అక్కడ ఏసీసీ ఆక్సిడేజ్ చేతిలో ఇథిలీన్ అవుతుంది. ఆకుపళ్లెం తొడిమతో కలిసే చోట సెల్యులేజ్, పాలీగాలక్టురనేజ్ జన్యువులు లేచి కణాల మధ్య గోడను కరిగిస్తాయి. రాలిన ఆకు తొడిమ కొమ్మకే ఉండిపోయి, పళ్లెం ఒక్కటే ఊడిందో లేదో చూడండి. అలా ఊడితే ఇదే దారి. వేరులో ముందుగా ఏబీఏ పోగుపడకపోతే ఈ ఏసీసీ కూడా పోగుపడదని 1996లో తేలింది. మీ స్వింగిల్ మొక్కలు ఎక్కువ ఎండాయి కాబట్టి ఎక్కువ రాల్చాయి అనడానికి అడ్డేమీ లేదు, ఇక్కడా సమాన నీటి స్థితి దగ్గర పోల్చాకే వేరుమూలాన్ని తప్పు పట్టాలి. పూర్తిగా ఎండి కరకరలాడే ఆకులు మాత్రం కొమ్మకే అతుక్కుని ఉంటాయి. కణాలు బతికి ఉంటేనే ఆ గోడను కరిగించగలవు కాబట్టి, రాలని ఆకుల్ని ఓర్పుగా లెక్కవేయకండి.

దీన్ని జన్యువుల్లో పట్టుకోవాలంటే నీళ్లు పెట్టే ముందు ఒకసారి, తర్వాత 2, 6, 12, 24 గంటలకు నమూనాలు కావాలి. వేర్లలో ఏసీసీని తయారుచేసే ఏసీసీ సింథేజ్ చూడండి. ఆకు మొత్తాన్ని రుబ్బితే రాలే మండలం అందులో కలిసి కనిపించకుండా పోతుంది. పళ్లెం, తొడిమ కలిసే చోట రెండు మిల్లీమీటర్ల ముక్కను బ్లేడుతో కోసి, ఒక్కో మొక్క నుంచి పది పన్నెండు ముక్కలు ఒక గొట్టంలో పోగుచేసి, అందులో ఏసీసీ ఆక్సిడేజ్, సెల్యులేజ్, పాలీగాలక్టురనేజ్ కొలవండి. పోల్చడానికి అదే ఆకు పళ్లెం మధ్య నుంచి ఇంకో ముక్క తీయండి. ఒక జట్టు మొక్కలకు నీళ్లు పెట్టే ముందు రోజు ఏవీజీ లాంటి ఏసీసీ సింథేజ్ నిరోధకం వేర్లకు అందించి చూడొచ్చు, అయితే బెట్టలో ఏసీసీ అప్పటికే పోగుపడి ఉంటుంది కాబట్టి అది ఆలస్యం కావచ్చు. ఆకు దగ్గరే అడ్డుకోవాలంటే ఇథిలీన్ గ్రాహకాలను మూసే 1-ఎంసీపీ వాయువును, మూసిన పెట్టెలో, నీళ్లు పెట్టే ముందు రాత్రి ఇవ్వడం నేరైన పరీక్ష. ఆ మొక్కల్లో రాలడం ఆగి, పక్కనున్న మామూలు గాలి పెట్టెలో రాలితే ఇథిలీన్ దారే అని తేలుతుంది.